కోచ్‌గారి పులిహోర డబ్బా

మొన్న ఆదివారం ప్రపంచకప్ మ్యాచ్ పెనాల్టీల దాకా వెళ్లింది. మా ఆయన సోఫా అంచుకి జరిగి కూర్చున్నారు. నేను మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడగడం మొదలుపెట్టాను. "రావోయ్, అసలు మజా ఇప్పుడే కదా!" అని ఆయన కేక. నాకేం మజా! పెనాల్టీ అనగానే మా అమ్మాయికి ఫుట్‌బాల్ నేర్పిన కోచ్‌గారు గుర్తొస్తారు. ఆయన వెనకాలే నేను చేసిన వెధవ పనీ గుర్తొస్తుంది.

అప్పటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. అమెరికా వచ్చిన కొత్తల్లో, మోరిస్‌విల్‌లో మా అపార్ట్‌మెంట్ల వెనక పార్కులో శనివారం పొద్దున్న ప్రాక్టీసు. కోచ్‌గారిది బ్రెజిల్. అరవై దాటాయి, కుడికాలు కాస్త ఈడుస్తూ నడిచేవారు, అయినా బంతి మాత్రం చెప్పినమాట వినేది. తల్లులం మడతకుర్చీలు వేసుకుని సగం ఆట చూస్తూ, సగం కబుర్లు చెప్పుకుంటూ ఉండేవాళ్లం. ఒకసారి ఆయనకి పులిహోర ఇచ్చాను. కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే మొత్తం తిన్నారు మహానుభావుడు. మాలో డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదని సరదాకి చెప్పాను. అంతే! మరుసటి వారం నుంచి నా స్టీలు డబ్బా నిండా, చీజ్ కలిపి కాల్చిన చిన్న చిన్న బన్నులు. ఒక్క వారం తప్పితే ఒట్టు.

ఒక శనివారం వాన పడి ఎవరూ రాలేదు. షెడ్డు కింద కూర్చుని తన కథ చెప్పారు. సముద్రపు ఒడ్డున వట్టికాళ్లతో ఆట, పదిహేడేళ్లకే పెద్ద క్లబ్బు, ఆ తర్వాత యూరప్, దేశం తరపున పసుపు చొక్కా, వీధిగోడల మీద ఆయన బొమ్మలు. ఆ తర్వాత ఒక్క పెనాల్టీ. బంతి గోలు మీంచి పోయింది. పద్నాలుగేళ్లు కొట్టిన గోల్స్ ఒక్కరికీ గుర్తులేవు. రొట్టెల కొట్టాయన కూడా మొహం తిప్పుకున్నాడట. "హియర్ నోబడీ నోస్ మీ. వెరీ గుడ్," అన్నారు. ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నారు. మా అమ్మాయి మీద ఒట్టేసి చెప్పనన్నాను.

మేమేమో సర్టిఫికెట్ చూపించకపోతే దేవుణ్ని కూడా నమ్మని జాతి కదా! ఒక నాన్నగారు పేరెంట్స్ గ్రూపులో పెట్టారు: "ఆయనకి కోచింగ్ సర్టిఫికేషన్ ఉందా అండీ? ప్రోగ్రెస్ రిపోర్ట్ కూడా ఇవ్వట్లేదు. చేంజ్ చేసేద్దామా?" టపటపా బొటనవేళ్లు లేచాయి. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆయనెవరో తెలుసా మీకు?" అని రాసి, ఆయన పేరు కొడితే మొదట వచ్చిన వీడియోని తెరిచైనా చూడకుండా పంపేశాను. అది ఆ పెనాల్టీయే. తీసేసేలోపు అందరూ చూసేశారు.

శనివారం కోచ్‌ని మార్చే ఊసే లేదు. నాన్నలంతా సెల్ఫీలకి వరసకట్టారు. ఆయన నవ్వుతూనే నిలబడ్డారు. అంతలో మా అమ్మాయి, ఎవరి మీద ఒట్టేశానో ఆ పిల్లే, దగ్గరికెళ్లి "కోచ్, వై డిడ్ యూ మిస్ ఇట్?" అంది. ఆయన కష్టం మీద వంగి, దాని బూటు లేసు కట్టి, "ఐ ఆస్క్ ఎవ్రీ డే," అన్నారు. నా వైపు చూడలేదు. వెళ్తూ వెళ్తూ డబ్బా నా చేతికిచ్చారు. తేలిగ్గా ఉంది. మూత తీసి చూశాను. శుభ్రంగా కడిగి, తుడిచి, ఖాళీగా ఇచ్చారు.

పై వారం వేరే కోచ్ వచ్చాడు, సర్టిఫికెట్‌తో సహా. నేను ఎన్ని ఫోన్లు చేసినా ఆయన ఎత్తలేదు.

మా అమ్మాయి ఇప్పుడు కాలేజీలో ఉంది. తను అడిగిన ప్రశ్న దానికి గుర్తే లేదు. హాల్లోంచి మా ఆయన "అయ్యో, మీంచి కొట్టేశాడే!" అని అరిచారు. నేను పై అరలో ఉన్న ఆ స్టీలు డబ్బాని దించి, దాన్ని కూడా కడిగి, మళ్లీ అక్కడే పెట్టాను. సముద్రం దాటి వచ్చి ముప్పై ఏళ్లకి ఆయన సంపాదించుకున్న మరుపుని, నేను అర నిమిషంలో ఒక్క వేలితో ఖర్చుపెట్టేశాను.