నీలం క్యాబిన్

మా పికప్ బండి ఇంజనుకు ఏ రోగమూ లేదు. క్యాబినే కుళ్లిపోయింది. మేడ్చల్ దగ్గర మా చేలో పండిన కూరగాయలు ఏళ్ల తరబడి మార్కెట్టుకు మోశాం. తడి గోనెసంచులు కాళ్ల దగ్గరే పెట్టుకునేవాళ్లం కాబట్టి కింది రేకు తుప్పుపట్టి చిల్లులు పడింది. నేను కూర్చుంటే పాదాల మధ్యనుంచి రోడ్డు కనిపించేది. వానొస్తే బురదనీళ్లు చీర మీదికి చిమ్మేవి.

పాత బండ్లు విప్పి అమ్మే యార్డులో మా ఆయన అచ్చం మా బండిలాంటిదే చూసొచ్చాడు. దాన్ని వెనకనుంచి లారీ గుద్దిందట. బండి కింది చట్రం, అదే ఛాసిస్, వంగిపోయిందిగానీ క్యాబిన్‌కు గీత కూడా పడలేదు. మాది తెలుపు, అది నీలం.

"రంగుతోని ఏం పని? కింద రేకు గట్టిగుంది" అన్నాడు.

క్యాబిన్ మార్చే రోజు మెకానిక్కులకు అన్నం పట్టుకుని నేనూ షెడ్డుకు వెళ్లాను. మా పాత క్యాబిన్ అప్పటికే గోడ పక్కన పడి ఉంది. నీలం క్యాబిన్ గొలుసులకు వేలాడుతూ కొద్దికొద్దిగా కిందికి దిగుతోంది. ఇద్దరు చెరో పక్కా పట్టుకుని బోల్టుల రంధ్రాలు కలిసేలా జరుపుతున్నారు.

అప్పుడు ఒకామె వచ్చి గేటు దగ్గర నిలబడింది. నాకంటే కొంచెం చిన్నదేమో.

"అక్కా, యార్డుల అడిగొచ్చిన. గీ క్యాబిన్ మీరే తీస్కున్నరా?"

"అవు చెల్లె, ఏంది?"

"గిది మా బండిది. మా ఆయన వెనక తాడు గడ్తుంటే లారీ గుద్దింది. కాలిరిగి ఇంట్ల పండుకున్నడు. బండి పోతే పోయింది గని, సీటు కవరు నేను కుట్టిన. గదొక్కటి ఇస్తవా అక్కా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పక్కనున్న మెకానిక్కు చేతుల వైపు చూశాడు. అతను గ్రీజు తుడుచుకుంటున్న గుడ్డ మీద ఎర్ర దారంతో కుట్టిన చిలుక తోక కనిపిస్తోంది.

"పాతది గదా అని నేనే సింపి ఇచ్చినమ్మా. నాకు తెల్వదు" అన్నాడు మా ఆయన.

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. "తెల్వక జేసిండ్రు, పోనీయన్నా" అని వెళ్లిపోయింది.

మా ఆయన అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉండిపోయాడు. "మనం జేసిన తప్పేంది? కొనుక్కున్నం గదా!" అన్నాడు.

"నిన్నెవరన్నరు?" అన్నాను. నాకూ లోపల అదే గుచ్చుకుంటోంది.

మరుసటి వారం యార్డులో అడిగి వాళ్ల ఊరు కనుక్కుని, ఒక గంప కూరగాయలతో లాల్‌గడి మలక్‌పేట్ వెళ్లాం. ఏ బండిలో వెళ్తున్నామో దారి సగంలోగానీ నాకు తట్టలేదు. వెనక్కి తిప్పమన్నాను. "ఇగ వచ్చినం గదా" అన్నాడు ఆయన. ఆ ఇంటి ముందు కోడి అడ్డమొస్తే అలవాటుకొద్దీ హారన్ కొట్టాడు. అదీ నీలం క్యాబిన్‌తో వచ్చిందే. ఆ మోత విని, చంకలో కర్రతో ఒకతను గబగబా బయటికొచ్చాడు. మమ్మల్ని చూసి ఆగిపోయాడు. ఎవరొచ్చారనుకున్నాడో మేం అడగలేదు.

మా ఆయన దిగి, మేమెవరమో చెప్పి, స్టీరింగ్ ముందు కూర్చోమన్నాడు. అతను కాలు మడవలేడు. అందుకని నేను దిగితే, నా వైపు సీట్లో కాలు బయటికి చాపించి కూర్చోబెట్టాం.

"గీ దిక్కు ఎన్నడు కూసోలే" అని నవ్వాడు.

"గది నా జాగ" అంది అతని భార్య, గుమ్మంలో నుంచి.

చాయ్ ఇచ్చారు. తాగాం. క్షమించమని అడగడానికి వెళ్లినవాళ్లం, ఆ మాట ఎత్తకుండానే వచ్చేశాం. వచ్చేటప్పుడు నేను తలుపుకు ఒదిగి, సీటు అంచున కూర్చున్నాను.

అతని కాలు అతుక్కుంది. కొంచెం కుంటుతూనే ఎవరిదో ట్రాక్టరు నడిపేవాడు. శామీర్‌పేట రోడ్డు మీద ఎదురైతే ముందు బండిని చూసేవాడు, తర్వాత మమ్మల్ని చూసి చెయ్యెత్తేవాడు. మా ఆయన అటు చూడకుండా, "నువ్వే పలకరించు" అని స్పీడు పెంచేవాడు.