ఒకేలాంటి సీసాలు

ఇళ్లు సర్దిపెట్టడమే ఆమె వృత్తి. అందరూ సర్దులక్క అంటారు. ఏ ఇంటికి వెళ్లినా మొదటి రోజు ఒక్క వస్తువూ ముట్టుకోదు. ఓ మూల స్టూలు వేసుకుని, ఇంటివాళ్ల చేతులు దేనికోసం ఎటు వెళ్తున్నాయో చూస్తూ కూర్చుంటుంది.

"సర్దమని పిలిస్తే సినిమా చూస్తున్నావేంటమ్మా?" అని ఎవరైనా దెప్పినా నవ్వి ఊరుకుంటుంది. ఆ అలవాటు ఊరికే రాలేదు.

మూడేళ్ల కిందట ఒకాయన ఆమెను వాళ్లక్క ఇంటికి పిలిచాడు. ఆ అక్క బట్టలు కుట్టి తమ్ముణ్ని పెంచిన మనిషి. వీధిలో అందరికీ టైలరమ్మ.

"అక్కకి చూపు కాస్త తగ్గింది. అయినా ఒక్కతే ఉంటానని మొండిపట్టు. ఇల్లు ఓ దారికి తీసుకురండి. ఆదివారం వచ్చి చూస్తా. పొయ్యి దగ్గర తడుముకుంటుంటే మాత్రం మా ఇంటికి తీసుకెళ్లిపోతా," అన్నాడు గుమ్మంలోనే గొంతు తగ్గించి.

"చెవులు బాగానే ఉన్నాయిరా నాకు!" అంది టైలరమ్మ లోపలినుంచి.

టైలరమ్మ రెండు రోజులు స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. సర్దులక్క నడుం బిగించింది. సొట్టపోయిన డబ్బాలు, మూత విరిగిన సీసాలు, దారం చుట్టిన గిన్నెలు, అన్నీ పాతసామాన్ల కొట్టుకి చేరాయి. వాటి చోట ఒకే ఎత్తు, ఒకే మూత ఉన్న ఇరవై కొత్త సీసాలు వరుసగా నిలిచాయి. చూపు తక్కువ కదా అని చీటీల మీద పెద్ద అక్షరాలు రాసింది. తన పనికి తానే మురిసిపోయింది.

శనివారం టైలరమ్మ వచ్చి అరలో చెయ్యి పెట్టింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నా సొట్ట డబ్బా ఏదే?"

"పారేశానక్కా. ఉప్పు కొత్త సీసాలో పోశాను. అదిగో, పెద్దగా రాశాను కదా!"

టైలరమ్మ నేలమీద కూలబడింది. "నాకు కళ్లు పోయి ఏడాదైందే పిల్లా. తమ్ముడికి చెప్పలేదు. ఉప్పంటే సొట్ట, పంచదారంటే విరిగిన మూత. నా కళ్లు తీసుకెళ్లి పాతసామాన్లకి వేసొచ్చావు."

సర్దులక్క పరుగున కొట్టుకి వెళ్లింది. డబ్బాలన్నీ అప్పటికే అణిగి రేకులైపోయాయి, సీసాలు పెంకులైపోయాయి. తిరిగొచ్చి సీసాలకు రబ్బరు బ్యాండ్లు వేసింది. ఉప్పుకి ఒకటి, పంచదారకి రెండు.

"ముసలిదానికి ఎక్కాలు నేర్పుతున్నావటే," అని నవ్వుతూనే టైలరమ్మ సాయంత్రం దాకా వల్లెవేసింది.

ఆదివారం తమ్ముడు వచ్చాడు. టైలరమ్మ టీ పెట్టింది. మాటల్లో పడి, వేళ్లు బ్యాండ్లు లెక్కపెట్టడం మరిచిపోయాయి. చెయ్యి పాత అలవాటున, ఇదివరకు పంచదార ఉండే ఎడమ చివరికి వెళ్లింది. అక్కడ ఇప్పుడు ఉప్పు ఉంది. సర్దులక్క అది చూసింది. చెబితే గుట్టు బయటపడుతుంది, చెప్పకపోయినా పడుతుంది.

తమ్ముడు ఒక గుక్క తాగి ఆగాడు. అక్క ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆ చూపు ఆమెకు తెలియలేదు. ఉప్పు టీ గ్లాసు మొత్తం తాగేశాడు.

"బాగుందక్కా," అన్నాడు. "రేపు ఆటో తెస్తాను."

తమ్ముడింట్లో ఆమె గది సర్దడానికి సర్దులక్క పిలవకుండానే వెళ్లింది. ఈసారి దేన్నీ పారేయలేదు.

"ఏది ఎక్కడ పెట్టమంటావక్కా?"

"నీ ఇష్టం తల్లీ," అంది టైలరమ్మ. "ఇక్కడ అన్నీ చేతికే అందిస్తారట."