అష్టమి నాటి పోటు

పేరుకు గురువులే గానీ అతను బడి పంతులు కాదు. పోర్టులో ఓడలు కట్టే గ్యాంగులో మనిషి. ఓడ బెర్తుకు ఆనుకోగానే పైనుంచి తొడంత లావు తాళ్ళు దిగుతాయి. వాటిని లాగి గట్టు మీది ఇనుప గుంజలకు తగిలించడం అతని పని. ఇరవై ఏడేళ్ళుగా అదే చేస్తున్నాడు. రణస్థలం దగ్గర పల్లెలో నాగలి పట్టిన కుటుంబం వాళ్ళది. ఇంటర్ తప్పాక మేనమామ వెంట మల్కాపురం వచ్చి తాడు పట్టుకున్నాడు.

చిన్నప్పుడు పంద్రాగస్టుకు మెడలో స్కార్ఫు కట్టుకుని కవాతు చేసే స్కౌటు పిల్లల్ని గోడ అవతల నుంచి చూసినవాడు. మనకెందుకురా అవన్నీ అన్నాడు నాన్న. ఆ కోరిక లోపల అలాగే ఉండిపోయింది. ఆరేళ్ళ కిందట పేటలోని బడిలో తెలుగు చెప్పే రోజారమణి టీచరు, "ముడులు నేర్పే మనిషి కావాలి, ఆదివారాలు వస్తారా గురువులు గారూ?" అని అడిగితే ఎగిరి గంతేశాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో స్కార్ఫు కట్టుకుని అద్దం ముందు నిలబడితే భార్య పడీ పడీ నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ, ఆ స్కార్ఫు ఇస్త్రీ చేసింది కూడా ఆవిడే.

ముడులు నేర్పడానికి వచ్చినవాడు ఏడాది తిరిగేసరికి ట్రూపు మొత్తానికి స్కౌటు మాస్టారయ్యాడు. ఆడపిల్లల్ని రోజారమణి చూసుకునేది, కార్యక్రమాలన్నీ అతనే వేసేవాడు. దానికో పొడుగు నోటుబుక్కు. ఎన్ని గంటలకు బయల్దేరాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి, మంచినీళ్ళ డబ్బా ఎవరు మోయాలి, అన్నీ నిమిషాలతో సహా అందులో ఉండాల్సిందే. పిల్లలు నవ్వుకునేవారు. నవ్వరా మరి, ఉప్మా తినడానికి కూడా పన్నెండు నిమిషాలని రాసిపెట్టే మనిషిని చూసి!

ఆ ట్రూపులో మొదటి నియమం అతను పెట్టిందే. పెట్టినచోటి నుంచి ఈల వినపడేదాకా కదలకూడదు. అది ఊరికే పుట్టలేదు. కొత్తగా గ్యాంగులో చేరిన రోజుల్లో, ఈల పడకముందే ఒకతను తాడు దాటబోయాడు. బిగిసి ఉన్న తాడు తెగి కొరడాలా వచ్చి అతని మోకాలు విరగ్గొట్టింది. ఆ చప్పుడు గురువులు చెవుల్లో ఇప్పటికీ ఉంది. అందుకే ఆ నియమాన్ని పిల్లలకు ఉగ్గుపాలతో పట్టినట్టు పట్టాడు.

ఈసారి కార్యక్రమం యారాడ కొండ అవతల ఒక చిన్న రేవులో. జెండాలతో కబురు పంపే ఆట. రెండు చేతుల్లో రెండు జెండాలు పట్టుకుని ఒక్కో అక్షరానికి ఒక్కో భంగిమ పెట్టాలి. అక్షరాలు ఇంగ్లీషువైనా వీళ్ళు పంపుకునేది తెలుగు మాటలే. కొండ మీద ఒక జట్టు, సరుగుడు తోటలో ఒక జట్టు, రేవు మధ్య ఏనుగు రాయి మీద ఒక జట్టు, ఒడ్డున ఒక జట్టు. కొండ మీద మొదలైన కబురు ఒడ్డుకు తప్పుల్లేకుండా చేరాలి.

ఏనుగు రాయి ఒడ్డుకు అరవై అడుగుల దూరంలో ఉంటుంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఇసుక మీద నడిచే వెళ్ళొచ్చు, పోటు ఎక్కితే అది దీవి. ఆ సంగతి గురువులుకు తెలియక కాదు. పోర్టులో వాళ్ళ గ్యాంగు షెడ్డులోనే పోటుపాట్ల పట్టిక గోడకు అంటించి ఉంటుంది. చూసుకునే రాసుకున్నాడు. అమావాస్య ఆదివారం, పొద్దున తొమ్మిదికి పోటు, మధ్యాహ్నం మూడుకి పాటు, అంటే నీళ్ళు పూర్తిగా తగ్గే వేళ. పన్నెండున్నరకు పిల్లల్ని రాయి ఎక్కిస్తే నీళ్ళు అక్కణ్ణించి తగ్గడమే గానీ పెరగడం ఉండదు. లెక్క బంగారంలా ఉంది.

అయితే ఆ ఆదివారం పిల్లలకు ఏదో పరీక్ష వచ్చిపడింది. ఒక వారం వాయిదా వేద్దామంది రోజారమణి. గురువులు పుస్తకం తీసి తేదీ కొట్టేసి పక్కన కొత్త తేదీ వేశాడు. గంటలు అలాగే ఉంచాడు.

సముద్రం రోజూ ఇంచుమించు యాభై నిమిషాలు వెనకబడుతుంది. వారానికి ఆరు గంటలు. అంటే పాటు ఉండాల్సిన వేళకు పోటు వస్తుంది. ఓడలు కట్టే మనిషికి ఇది ఒకరు చెప్పాలా? చెప్పారు కూడా. అదే అసలు బాధ.

ఆ ఆదివారం వ్యాను ఎక్కుతూ ధనశ్రీ అడిగింది. పదమూడేళ్ళ పిల్ల, వాడబలిజల అమ్మాయి, ఆడపిల్లల జట్టుకు నాయకురాలు. నాన్న సముద్రం మీద చేపల వేటకెళితే మామ్మ చిట్టమ్మ చేపలమ్మి పెంచుతోంది.

"సార్, ఈయేల అట్టమి అంది మా మామ్మ. మజ్జానం పోటేకదా?"

గురువులు నోటుబుక్కు విప్పి చూపించాడు. "మూడుకి పాటని ఇక్కడ రాసుంది సూడు. పోర్టు లెక్క తప్పదమ్మా."

ధనశ్రీ కాగితం వంక చూసింది, సార్ వంక చూసింది, ఎక్కి కూర్చుంది. అంత పెద్దమనిషి కాగితం చూపించాక పిల్ల ఏమంటుంది?

పన్నెండున్నరకు రాయి దగ్గర ఇసుక తడితడిగా ఉంది. చీలమండలు మునిగేంత నీళ్ళు వస్తూ పోతూ ఉన్నాయి. దిగిపోతున్న నీళ్ళేనని గురువులు అనుకున్నాడు. ధనశ్రీనీ, ఇంకో నలుగురు ఆడపిల్లల్నీ రాయి ఎక్కించాడు. అందరిలోకి చిన్నది యశస్విని, పదేళ్ళది. "ఈల ఇనపడేదాకా కదలొద్దు" అని మరోసారి చెప్పి, రోజారమణి ఉన్న కొండ మీదికి ఎక్కాడు.

కొండ మీద జట్టు రెండో అక్షరానికే తప్పు చేసింది. జెండాలు సరిచేస్తూ, కోప్పడుతూ, మళ్ళీ మొదలుపెట్టిస్తూ ఉండిపోయాడు. ఒంటి గంట నలభైకి నీళ్ళ సీసా ఎత్తి తాగబోతూ కిందికి చూశాడు. ఇసుక దారి లేదు. రాయి చుట్టూ తెల్లటి నురుగు తిరుగుతోంది.

చేతిలో సీసా ఎక్కడ పడిందో తెలియదు. "మేడం, పిల్లల్ని ఇక్కడే కూసోబెట్టండి" అని అరుస్తూ జెండాలు చంకన పెట్టుకుని రాళ్ళమీద పడి పరుగెత్తాడు. దిగుతున్నంతసేపూ ఒకటే తలపు. అట్టమి అంది. ఆ పిల్ల అట్టమి అని చెప్పింది.

ఒడ్డుకు చేరేసరికి కెరటాలు మనిషి నడుం ఎత్తున విరుగుతున్నాయి. పోటు నిండడానికి ఇంకా గంట పైనే ఉంది. ఇప్పుడు పిలిస్తే పిల్లలు మెడల దాకా మునిగి రావాలి. పిలవకపోతే ఆ రాయి ఎంతవరకు మునుగుతుందో తనకు తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిల్లల తల్లుల ముఖాలు ఒక్కొక్కటే కళ్ళ ముందుకు వచ్చాయి. ఒప్పుకోలు కాగితాల మీద సంతకాలు పెట్టి పంపింది సముద్రాన్ని నమ్మి కాదు, తనను నమ్మి.

ఉన్నకొద్దీ కష్టమవుతుందనుకున్నాడు. ఈల ఊదాడు, పొడుగ్గా మూడుసార్లు. కెరటాల హోరులో అది ఎటుపోయిందో. జెండాలు తీసి ఒక్కో అక్షరం చూపించాడు. బేగి రండి.

రాయి మీద యశస్విని లేచింది. సార్ పిలుస్తున్నారని ఏడుస్తూనే అంచుకు జరిగి ఒక కాలు కిందికి దించింది. కెరటం ఒకటి వచ్చి ఆ కాలిని మోకాలి దాకా మింగింది. ధనశ్రీ ఒక్క దూకులో వచ్చి ఆ పిల్ల స్కార్ఫు పట్టుకుని వెనక్కి లాగింది. తర్వాత జెండాలు ఎత్తి జవాబిచ్చింది.

వద్దు.

ఆరేళ్ళలో ఆ ట్రూపులో ఎవరూ అతనికి పంపని మాట అది. పొరపాటున చదివానేమోనని మళ్ళీ రమ్మన్నాడు. మళ్ళీ అదే జవాబు.

ఇక లాభం లేదని ఒడ్డున జట్టు సామానులోంచి పొడుగు తాడు తీసి నడుముకు కట్టుకున్నాడు, రెండో కొస ఒడ్డున ఉన్న రాతికి బిగించి నీళ్ళలోకి దిగాడు. ఊరి చెరువులో నేర్చుకున్న ఈత అతనిది. మూడో కెరటం అతన్ని ఎత్తి ఒడ్డున కొట్టింది. మోచేతులు దోక్కుపోయాయి, నోటినిండా ఉప్పు. ఒడ్డున ఉన్న మగపిల్లలు బిక్కచచ్చిపోయి చూస్తున్నారు. లేచి కళ్ళు తుడుచుకునేసరికి ధనశ్రీ జెండాలు ఊపుతోంది. ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు.

ఆగండి. పైన పొడి.

అప్పుడు చూశాడు రాయిని సరిగ్గా. కింద సగం నల్లగా, నాచుపట్టి, ఆలిచిప్పలతో గరుకుగా ఉంది. ఆ నలుపు ఒక గీత దగ్గర ఆగిపోయింది. పైన రాయి తెల్లగా, పొడిగా, పిట్టల రెట్టలతో ఉంది. పోటు ఎంత ఎక్కినా ఆ గీత దాటదన్నమాట. ధనశ్రీ పిల్లలందర్నీ ఆ తెలుపు మీదికి ఎక్కించి, నడుముకు కట్టుకునే తాళ్ళన్నీ ముడివేసి, ఒకే తాడుతో అందర్నీ కలిపి కట్టింది. ఆ ముడి అతను నేర్పిందే.

తను భయంతో పిలుస్తున్నాడు. ఆ పిల్ల చూసి చెబుతోంది. ఎవరి మాట నెగ్గాలి? గురువులు జెండాలు పైకెత్తాడు. సరే. కదలొద్దు.

పైనుంచి రోజారమణి ఎవరెవరికో ఫోన్లు చేసింది. కొండ చుట్టూ పడవ తిప్పుకొచ్చేసరికి ఆరవుతుందన్నారు. అందుకని గురువులు ఇసుకలో నిలబడి ఆ నల్ల గీతనే చూశాడు. నీళ్ళు గీతకు జానెడు దూరంలోకి వచ్చాయి. బెత్తెడు. ఒక పెద్ద కెరటం గీతను తాకింది. ఊరి అమ్మవారికి మొక్కుకున్నాడు, అప్పన్నకు మొక్కుకున్నాడు, ఎవరు పలికితే వాళ్ళకు. ఒక్కో నిమిషం ఒక్కో ఏడు. మూడున్నరకు నీళ్ళు అక్కడే నిలబడ్డాయి. నాలుగుకు గీత కింద తడి నలుపు మళ్ళీ కనిపించింది. గురువులు ఇసుకలో కూలబడి, పిల్లలు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు.

పడవ రాకముందే, ఆరు కావస్తుండగా, ధనశ్రీ కెరటాలు లెక్కపెట్టి నెమ్మదైన వేళ చూసి జట్టును దింపింది. తొడల దాకా నీళ్ళలో, ఒకే తాడు పట్టుకుని, ఐదుగురూ నడిచి వచ్చారు. యశస్విని వస్తూనే, కొండ దిగి వచ్చిన రోజారమణి నడుం చుట్టేసుకుంది. ధనశ్రీ మాత్రం సార్ ముందు తల దించుకుని నిలబడింది.

"మీ మాట ఇన్లేదు సార్. నియమం తప్పీసినాను."

"మంచి పని సేసినావు తల్లీ," అన్నాడు. తర్వాత అడగకుండా ఉండలేకపోయాడు. "నీళ్ళు ఎక్కుతున్నట్టు నీకెప్పుడు తెలిసింది?"

"ఒంటిగంటకే. అప్పుడు పిక్కల దాకానే ఉన్నాయి. ఒచ్చీగలిగీవోళ్ళం."

"మరి రాలేదేటమ్మా?"

ధనశ్రీ ఆశ్చర్యంగా చూసింది. "ఈల ఇనపడేదాకా కదలొద్దన్నారు కదా సార్."

గురువులు మెడలోని ఈల తీసి జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఐదిళ్ళకూ తనే వెళ్ళాడు. జరిగిందంతా, తేదీ మార్చి గంటలు మార్చని సంగతితో సహా, ఉన్నదున్నట్టు చెప్పాడు. రెండిళ్ళలో తిట్టారు, పడ్డాడు. ఒక తండ్రి ఇక పంపనన్నాడు. చిట్టమ్మ గుమ్మంలో చేపల తట్ట కడుగుతూ అంతా విన్నది.

"నువ్వు తేదీ మార్సీసినావు గానీ సెందురుణ్ణి మార్సలేవు కదా బాబూ," అంది. "పంపుతాను, పంపకేటి. నా మనవరాలికి నువ్వంటే పేణం. కానీ ఒక్కమాట. అది కాదంటే ఇనాల."

"ఇంటానమ్మా," అన్నాడు గురువులు. ఇల్లు చేరాక స్కార్ఫు విప్పి కుర్చీ మీద వేశాడు. మళ్ళీ కట్టుకునే అర్హత తనకుందా అన్న అనుమానం ఆ వారమంతా వదల్లేదు.

ఆదివారం వచ్చింది. కట్టుకునే వెళ్ళాడు. ఇరవై నలుగురిలో పంతొమ్మిది మంది వచ్చారు. అందరి ముందూ తప్పు తనదని చెప్పాడు. నల్లబల్ల మీది మొదటి నియమాన్ని చెరపలేదు, దాని కింద ఇంకొకటి రాశాడు. ప్రమాదం కనిపిస్తే ఈల కోసం ఆగకూడదు. ఆ తర్వాత వచ్చే నెల కార్యక్రమం, తేదీ, గంటలు రాసి, సుద్దముక్క చేత్తో పట్టుకుని పిల్లల వైపు తిరిగాడు.

"కాదనీవోళ్ళు ఉంటే ఇప్పుడే సెప్పండి. నాను ఆగుతాను."

ఎవరూ మాట్లాడలేదు. ఆరేళ్ళ అలవాటు ఒక్క పూటలో పోతుందా? అతను ఆగాడు. చివరికి వెనక వరుసలో ఒక చిన్న చెయ్యి భయం భయంగా లేచింది. యశస్విని.

"సార్, ఆ ఆదివారం మాకు డ్రాయింగు పరీక్ష."

పిల్లలు కిసుక్కున నవ్వారు. గురువులు నవ్వలేదు. తేదీ చెరిపి కొత్త తేదీ వేశాడు. పక్కనే గంటలు ఉన్నాయి. చెయ్యి వాటి దగ్గర ఆగింది. వాటినీ చెరిపేశాడు.

"ధనశ్రీ," అని పిలిచాడు, "ఆ రోజు తిథేటమ్మా?"