లచ్చవ్వ శుక్రవారాలు

అది 2022 జూలై. పెద్దపల్లి దాటాక, రైలు పట్టాలకు కనుచూపు మేరలో, వరి పొలాల మధ్య ఉన్న ఒక వృద్ధుల సంరక్షణ గృహానికి తనిఖీకి వెళ్లాను. ఇరవై ఇద్దరు ఉండే చోటు. ఎక్కువ మంది ఆడవాళ్లే. సగం మంది మా క్రైస్తవ సంఘాలవాళ్లు, మిగతావాళ్లు చుట్టుపక్కల ఊళ్ల హిందువులు. చూసుకునేవాళ్లు లేక వచ్చినవారు కొందరు, చూసుకునేవాళ్లకు బరువు కాకూడదని వచ్చినవారు కొందరు.

నేను కరీంనగర్‌లో ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై రెండేళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. సంఘాల చేయూతతో నడిచే గృహాలకు ఏడాదికోసారి వెళ్లి, అక్కడివారిని ఎలా చూసుకుంటున్నారో రాసి ఇవ్వమని మా పెద్దలు నాకు పని అప్పగించారు. దీన్ని కేర్ ఆడిట్ అంటారు. ఫారంలో ఐదు భాగాలుంటాయి. డైట్ షీట్‌లో ఎవరు ఏ పూట ఏం తిన్నారో ఉంటుంది. మెడిసిన్ చార్ట్‌లో ఎవరికి ఏ మాత్ర ఏ వేళ ఇచ్చారో ఉంటుంది. స్కిన్ చెక్ అంటే మంచాన పడ్డవారి నడుము, మడమలు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయేమో చూడడం. ఆ తర్వాత శుభ్రత, చివరగా మర్యాద. పుండ్ల విషయంలో నాకు కఠినురాలినని పేరుంది. దుప్పటి ఎత్తి చూడకుండా ఏ మంచాన్నీ దాటను.

ఆ తనిఖీకి శుక్రవారాన్ని నేనే ఎంచుకున్నాను. ఆ రోజు అక్కడ ఉపవాస ప్రార్థన జరుగుతుందని విన్నాను. పదిహేనేళ్ల వయసులో కన్ఫర్మేషన్, అంటే చర్చిలో విశ్వాసాన్ని స్థిరపరచుకునే సంస్కారం, తీసుకున్న నాటి నుంచి శుక్రవారం పగలు నేను ఏమీ తినను. పనితోపాటు దేవుని బిడ్డలతో ఒక పూట మోకరించినట్టూ ఉంటుందని ఆశపడ్డాను.

వార్డెన్ దేవమణి నాకంటే పదేళ్లు చిన్న. కష్టజీవి. ఉదయం ఆమెతో కలిసి మంచం మంచానికీ తిరిగాను. ఒక్క పుండు లేదు. పక్కబట్టలు ఉతికి ఉన్నాయి. మెడిసిన్ చార్ట్‌లో ఒక్క పూట కూడా తప్పలేదు. డైట్ షీట్‌లో మాత్రం శుక్రవారం పొద్దున, మధ్యాహ్నం గడుల్లో అందరికీ ఉపవాసం అని రాసి ఉంది.

"బలవంతమేం లేదు గదా?" అని అడిగాను.

"అయ్యో, లేదక్కా. ఉండలేనోళ్లకు అటుకులు పెడ్తం. అడిగితే సాలు. గని ఎవ్వరడగరు. హిందువులు సుత మాతోటే ఉంటరు. నేను సుత పొద్దటిసంది నీళ్లు తప్ప ఏం ముట్టలే" అంది. ఆమె ముఖం వెలిగిపోతోంది. అది చూసి నాకూ సంతోషం కలిగింది.

కిటికీ పక్క మంచం లచ్చవ్వది. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, చురుగ్గా ఉంది. భర్త బెల్లంపల్లి బొగ్గు గనిలో పనిచేసి పోయాడు. కూతురు పద్మ అక్కడే ఉంటుంది. అల్లుడింట్లో ఎన్నాళ్లని ఉండాలని ఈమే పట్టుబట్టి ఇక్కడ చేరింది. షుగర్ ఉంది.

"అవ్వా, శుక్రవారం పస్తుండుడు కష్టమైతలేదా?"

"ఒక్కపొద్దు నాకేం కొత్తనా బిడ్డా? పెండ్లయిన కాడినుంచి శనివారం ఉంటున్న. గీడికొచ్చినంక శుక్రవారం సుత జమైంది. మా దేవునిది శనివారం, మీ దేవునిది శుక్రవారం. ఇద్దరికీ నా కడుపే దొరికింది."

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఒక్కపొద్దు అంటే పగలంతా ఏమీ తినకుండా రాత్రికి ఒక్కసారి తినడం. మా ఇళ్లలో ముందు తరాల ఆడవాళ్లకు అది తెలిసిన సంగతే.

"ఆకలైతే అటుకులు అడుగొచ్చు గదా?"

"అందరు కండ్లు మూసుకొని కూసుంటే నేనొక్కదాన్నే పళ్లెం పట్టుకొని నముల్తే ఏం మర్యాద?"

దానికి కూడా నవ్వే వచ్చింది నాకు. మర్యాద అనే భాగంలో 'ఇతర మతస్థులు సైతం సంతోషంగా పాల్గొంటున్నారు' అని రాసుకున్నాను.

పదకొండు గంటలకు రేకుల హాలులో ప్రార్థన మొదలైంది. నన్నే నడిపించమన్నారు. కీర్తనలు పాడాం. రోగుల కోసం, వానల కోసం, దూరదేశాల్లో ఉన్న బిడ్డల కోసం ప్రార్థించాం. రెండు గంటల వేళ ఒకసారి కళ్లు తెరిచాను. లచ్చవ్వ తల వాలిపోయి ఉంది. నుదురు చెమటతో మెరుస్తోంది. రవిక వీపుకు అంటుకుపోయింది. ఆయా సుగుణ నా పక్కకు వచ్చి వంగింది.

"సిస్టర్, లచ్చవ్వ శుక్రవారం శుక్రవారం గిట్లనే మబ్బుమబ్బుగుంటది. ఒక్కసారి జూస్తరా?"

"ప్రార్థన కానియ్యి సుగుణా, తర్వాత చూద్దాం" అన్నాను.

రేకుల కింద ఉక్క అనుకున్నాను. ఆత్మలో లీనమైందని కూడా అనుకున్నాను. వార్డులో ఏ రోగి అలా తల వాల్చి చెమటలు కక్కినా పరుగెత్తి వేలికొన నుంచి రక్తం తీసి షుగర్ చూసేదాన్ని. ఆ హాలులో నేను నర్సునన్న సంగతే నాకు గుర్తుకు రాలేదు.

మూడు గంటలకు చక్కెర వేసిన చాయ్, బిస్కెట్లు ఇచ్చి ఉపవాసం విడిపించారు. పావుగంటలో లచ్చవ్వ లేచి కూర్చుంది. ఏమైందవ్వా అంటే, "నిద్ర కమ్మింది. నువ్వు గంత పొడుగు ప్రార్థన జేస్తే ఎవలకు రాదు?" అంది. సుగుణ నా ముఖం చూసింది. చూద్దామన్నదాన్ని ఏమీ చూడలేదు. కరీంనగర్ బస్సుకు వేళవుతోంది. గృహానికి ఉత్తమం అని గ్రేడ్ వేసి వచ్చాను.

మూడు వారాల తర్వాత, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక దేవమణి ఫోన్ చేసింది. ముందురోజు మధ్యాహ్నం లచ్చవ్వ జాలాడి దగ్గర, అంటే గిన్నెలు తోమి స్నానాలు చేసే చోట, పడిపోయిందట. కరీంనగర్ పెద్దాసుపత్రికి తెచ్చారట. తుంటి ఎముక విరిగిందట. షుగర్ చూస్తే ముప్పై ఎనిమిది ఉందట.

డెబ్బై కంటే తగ్గితేనే మనిషి వణుకుతాడు. ముప్పై ఎనిమిదిలో స్పృహ నిలవదు. దీన్ని హైపోగ్లైసీమియా అంటారు. లచ్చవ్వకు రోజూ పొద్దున ఇచ్చేది గ్లిమిపిరైడ్ మాత్ర. మనిషి తిన్నా తినకపోయినా అది షుగర్‌ను దించుతూనే ఉంటుంది. అందుకే అది మింగాక తిని తీరాలి. శుక్రవారం మింగి పస్తు ఉంది. రాత్రి రెండు ముద్దలు తిన్నది. శనివారం మళ్లీ మింగి తన ఒక్కపొద్దు ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో నా దగ్గరున్న నకళ్లు తీశాను. డైట్ షీట్, మెడిసిన్ చార్ట్ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఒకదానిలో శుక్రవారం ఉపవాసం. ఇంకొకదానిలో అదే శుక్రవారం పొద్దున షుగర్ మాత్ర, ఇచ్చినట్టు సంతకం. వేర్వేరుగా చూస్తే రెండూ సరిగ్గానే ఉన్నాయి. రెండింటికీ నేనే పూర్తి మార్కులు వేశాను.

సోమవారం ఆసుపత్రికి వెళ్లాను. మంచం పక్కన పద్మ కూర్చుని ఉంది. నేనెవరో చెప్పుకున్నాను.

"మీరు జూసి పోయిన్రట గదమ్మా మొన్న. మంచిగున్నదని రాసిన్రట."

"అవునమ్మా."

"మరి ఏం జూసిన్రు?"

ఆమె కోపంగా అడగలేదు. తెలుసుకోవడానికే అడిగింది. ముప్పై రెండేళ్లలో నేను చాలామంది బంధువులకు చాలా సంగతులు చెప్పాను. ఆ ప్రశ్న వినగానే మాత్రం మంచానికి వేలాడుతున్న కేస్ షీట్ అందుకున్నాను.

లచ్చవ్వ గుండె బలహీనంగా ఉందని ఆపరేషన్ చేయలేమన్నారు. ఆ వయసులో తుంటి విరిగి మంచాన పడితే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, అదే తీసుకుపోతుంది. ఆ సంగతి నాకూ తెలుసు, డాక్టర్‌కూ తెలుసు. పద్మకు ఇంకా తెలియదు.

పెద్దల దగ్గరికి వెళ్లి నా రిపోర్ట్ వెనక్కి తీసుకుంటానన్నాను. వాళ్లలో ఒకాయన మెల్లగా అన్నాడు, "సిస్టరమ్మా, కాలు జారి పడ్డ ముసలామె సంగతి ఉపవాసం మీదికి ఎందుకు తెస్తరు? సంఘం పేరు పోతది. చర్చికి రానోళ్లు నవ్వుతరు."

ఉపవాసాన్ని కాదు, నా సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నానన్నాను. ఆకలిగొన్నవారి ముందు పళ్లెం పెట్టడమే దేవుడు కోరే ఉపవాసమని ప్రవక్తల నోట వింటూ పెరిగినదాన్ని. ఆదివారం బడిలో పిల్లలకు అదే పాఠం ఎన్నోసార్లు చెప్పాను. ఆ మాట ఆయనతో అనలేదు. ఆయన కంటే ముందు నాకే అది తగలాలి. ఉత్తమం కొట్టేసి, కింద జరిగిందంతా నా చేతులతో రాసి ఇచ్చాను. సుగుణ చెప్పినా నేను చూడలేదన్నది కూడా రాశాను.

దేవమణి బయట వరండాలో కూర్చుని ఉంది. నేను రాగానే లేచింది.

"నేను తినుకుంట వాళ్లను పస్తు పెట్టలేదక్కా. నేను సుత తినలే."

"తెలుసు దేవమణీ. నేనూ తినలేదు."

అదే మా ఇద్దరినీ చెడగొట్టింది. తిన్నవాళ్లమైతే ఎదుటివారి కడుపు గుర్తుకొచ్చేది కావచ్చు. మేము కూడా పస్తున్నాం కాబట్టి అడగాల్సినదేమీ మిగల్లేదనుకున్నాం. మా పస్తుకు ప్రార్థన తోడుంది. లచ్చవ్వ పస్తుకు మాత్ర తోడుంది.

రెండో వారం శుక్రవారం, జొన్న జావ కాచుకొని ఆసుపత్రికి తీసుకెళ్లాను. లచ్చవ్వకు మాట సన్నబడింది. ఊపిరి గురగుర అంటోంది. పద్మ మందుల కోసం కిందికి వెళ్లింది. గిన్నె మూత తీసి చెంచా నోటి దగ్గర పెట్టాను. ఆమె పెదవులు బిగించి నా వైపు చూసింది.

"ఇయ్యాల ఏం వారం?"

"శుక్రవారం అవ్వా."

"నువ్వు తిన్నవా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "లేదవ్వా."

"మరి నేనెట్ల తింట?"

"నీకు పానం బాగలేదు గదా. దేవుడేమనుకోడు."

"నువ్వు తింటే మాత్రం ఏమనుకుంటడు?" అంది. ఆ తర్వాత ముఖం అటు తిప్పుకుంది. మర్యాద కోసం పస్తుండే మనిషి, మంచం మీద కూడా మర్యాద విడవలేదు.

నేను ఆ చెంచా జావ నోట్లో పోసుకున్నాను. కన్ఫర్మేషన్ తర్వాత శుక్రవారం పగలు నేను తిన్న మొదటి ముద్ద అది. ఆమె చూసింది. నా గొంతు కదిలే దాకా చూసి, అప్పుడు నోరు తెరిచింది. నాకొక చెంచా, ఆమెకొక చెంచా. ఆరు చెంచాలు తిన్నది.

పదకొండు రోజుల తర్వాత లచ్చవ్వ చనిపోయింది. బెల్లంపల్లిలో దహనం చేశారు. నేను వెళ్లి వెనక నిలబడ్డాను. పద్మ నన్ను చూసి తల ఊపింది. దాన్ని క్షమించడమని అనుకునే హక్కు నాకు లేదు.

ఇప్పుడు మా ఫారంలో భోజనం, మందులు ఒకే కాగితం మీద పక్కపక్కన ఉంటాయి. షుగర్ మాత్ర వేసుకునేవారికి ఉపవాసం లేదని గోడ మీద రాయించాం. ఎవరినీ పదిమంది ముందు అడగను, ఒంటరిగా కూర్చొని అడుగుతాను. ఆయా ఏదైనా చెబితే ఆ నిమిషమే లేస్తాను, ఎంత పెద్ద ప్రార్థన నడుస్తున్నా సరే. ఒక చోటు నా మనసుకు మరీ నచ్చితే, అక్కడ ఇంకో గంట ఎక్కువ ఉంటాను. నాకు నచ్చిన మంచి ముందు నా కళ్లు తొందరగా మూసుకుంటాయని నేర్చుకున్నాను.

శుక్రవారం ఉపవాసం నేను మానలేదు. తనిఖీ శుక్రవారం పడితే మాత్రం, ముందు వాళ్ల బంతిలో కూర్చొని తింటాను. నేను తినేదాకా తినని మనిషి ప్రతి గృహంలోనూ ఒక్కరైనా ఉంటారు.