డాక్టర్ గారి తోటలో మాయమైన రాయి

1998 డిసెంబరు. అప్పుడు నేను కొత్తపేటలో ప్రైవేటు సర్వేయరుగా పనిచేస్తున్నాను. ఐనవిల్లి దగ్గర ఓ ఊరి నుంచి కబురొచ్చింది. హైదరాబాదులో ప్రాక్టీసు చేసే శేషగిరిరావు గారనే డాక్టరు ఆరేళ్ళ క్రితం అక్కడ కొబ్బరితోట కొని, మధ్యలో రెండు గదుల పెంకుటిల్లు కట్టుకున్నారు. ఏటా డిసెంబరులో వచ్చి పదిరోజులుండి వెళ్ళేవారు. మిగతా ఏడాదంతా ఆ ఇంటికి తాళమే.

నేను వెళ్ళేసరికి ఆయన వరండాలో కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నారు.

“తూర్పు మూల సర్వే రాయి పీకేశారండీ. కొన్నప్పుడు నా కళ్ళతో చూశాను. అదిగో, ఆ విరగకాసిన చెట్టు పక్కనే ఉండేది. చూశారా కాపు? నేల అంత మంచిది. ఆ పక్క మాస్టారు కొత్త వంటిల్లు ఇటు జరుపుకున్నాడు. మీరు కొలిచి కాగితం రాసివ్వండి, పోలీసు కంప్లైంటు ఇస్తాను.”

సర్వే రాయి పీకడం నేరం. పక్కస్థలం సత్యానందం మాస్టారిది. ఆయన గవర్నమెంటు స్కూల్లో టీచరు. తండ్రి ఇదే తోటలో కూలిపని చేసి ఆయన్ని చదివించాడు. కేసు పడితే ఉద్యోగానికే ఎసరు.

నిజం చెప్పాలి. రెండు స్థలాల మధ్య బోదె ఉంది, పొలాలకు నీళ్ళు తీసుకెళ్ళే చిన్న కాలువ. వంటిల్లు ఆ బోదెకు అంత దగ్గరగా ఉండడం చూసి, బోదెనే ఇటు జరిపి రాయి పీకేసి ఉంటారని, తప్పు మాస్టారిదేనని నేనూ అనుకున్నాను. కొలిచే చైను విప్పకుండానే తీర్పు చెప్పేసుకున్నాను. సర్వేయరుకి అంతకంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు.

ఎఫ్.ఎం.బి. స్కెచ్ అని ప్రతి సర్వే నంబరుకీ కొలతలు రాసిన పటం ఉంటుంది. ఒక రాయి కనబడకపోతే, ఉన్న రాళ్ళ దగ్గర్నుంచి ఆ పటం ప్రకారం చైను లాగి దాని చోటు పట్టుకుంటాం. చైనంటే నూరు లింకుల ఇనుప గొలుసు. రెండు రాళ్ళ నుంచీ లాగాను. రెండుసార్లూ అది ఆ కొబ్బరిచెట్టు మొదట్లో, డాక్టర్ గారి వైపున్న మట్టిదిబ్బ దగ్గరే ఆగింది. వంటిల్లు మాస్టారి హద్దు లోపలే ఉందని కూడా తేలిపోయింది.

దిబ్బలో గునపం దింపాను. మూరెడు లోతున ఠంగుమంది. మట్టి తీస్తే రాయి, పాతినచోటే నిటారుగా ఉంది.

“ఇంత మట్టి ఎవరు పోశారు?” అన్నారు డాక్టర్ గారు.

“నేనేనండి.” బోదె అవతల చేతులు కట్టుకుని నిలబడ్డ మాస్టారు మొదటిసారి నోరు విప్పారు. “వేసవిలో కాలువలు కట్టేసేక ఎవరి మేర బోదె పూడిక వాళ్ళు తీసుకోవాలండి. మీరుండరు కదా. మీ మేర పూడిపోతే కిందోళ్ళ పొలాలకి నీళ్ళెళ్ళవు. అంచేత నేనే తీసేవాణ్ణండి. ఆ ఒండ్రు కొబ్బరికి మంచి బలం. మీ మట్టి మీ చెట్టుకే వేసేను.”

“ఆరేళ్ళూనా?”

“ఆయ్.”

“ఒక్కసారైనా చెప్పలేదేమండీ?”

“చేసింది చెప్తే ఎత్తిపొడిచినట్టుంటుందండి. రాయి సంగతంటారా, నన్నడిగితే చూపించేవాణ్ణి. మీరు నన్నడగలేదు. సర్వేయరు గారిని పిలిచేరు.”

నాకు తల కొట్టేసినట్టయింది. అడగనివాళ్ళలో నేనూ ఉన్నాను. డాక్టర్ గారు తలెత్తి ఆ చెట్టు గెలలవైపు చూశారు. తర్వాత మాస్టారికి చేతులు జోడించారు.

“అయ్యో, అదేంటండి!” అంటూ మాస్టారు బోదె దాటి ఇవతలికి వచ్చేశారు.

రాయిని పైకి లేపి పాతమంటారా అని అడిగాను.

“వద్దండీ. ఉన్నచోటే ఉండనివ్వండి. వచ్చే వేసవికి మట్టి నేనేస్తాను,” అన్నారు డాక్టర్ గారు.

మే నెలలో నిజంగానే వచ్చారు. పార పట్టిన అరగంటకే అరచేతులు బొబ్బలెక్కాయని, మిగతాది తనే తీశానని మాస్టారు తర్వాత నాకు చెప్పి నవ్వారు.

అప్పట్నుంచీ, ఊళ్ళో ఇల్లు కట్టుకున్న పైఊరి వాళ్ళెవరైనా హద్దు తగాదాతో వస్తే ముందు ఒకటే అడుగుతాను: “మీరిక్కడ ఏ నెలల్లో ఉంటారండీ?” వాళ్ళు లేని నెలల్లో ఆ తోటని ఎవరు చూసుకున్నారో వెళ్ళి కనుక్కునేదాకా, గొలుసు సంచీలోంచి తీయను.