మూడు కానుగ మాన్లు, ఒక తప్పు మాట

కర్ణాటకలో తెలుగు మాట్లాడే మా బాగేపల్లి గ్రంథాలయానికి కొత్త కట్టడం లేచింది. రేపు దాని గోడకు రాతిపలక పెడతారు, అందులో పెద్దల పేర్లన్నీ ఉంటాయి. నా ఘోరమైన తప్పు ఒక్కటే ఉండదు. అది లేకుండా ఆ కట్టడం కథ ఎవరికీ అర్థం కాదు కనుక నేనే రాసి పెడుతున్నాను.

ఏడో తరగతితో బడి మానేసి కుట్టుమిషన్ ముందు కూర్చున్నదాన్ని. మిగతా చదువంతా ఆ గ్రంథాలయం పెట్టిన భిక్షే. అందుకే ఆవరణలోని మూడు కానుగ మాన్లు నరికి నేలంతా కాంక్రీటు పోస్తామని, ప్రజలు తమ అభిప్రాయం కన్నడంలో రాసివ్వాలని నోటీసు అంటించినప్పుడు అందరూ నావైపే చూశారు. ఆ నీడలో శనక్కాయలు అమ్ముకునే వెంకటలక్ష్మమ్మ అయితే కళ్లు తిప్పలేదు.

"మాన్లు పోతే నేను యాడ కూచునేది పద్మా?"

"నేను రాస్తాండాను కదమ్మా. చదివినోళ్లు కండ్లు తిరిగి పడాల."

"వాళ్లు పడేది వద్దులే. మాన్లు పడకుంటే చాలు."

గ్రంథపాలకుడు నారాయణప్ప, "'కడియబేడి' అని రాయమ్మా, నరకొద్దని. ఒక్క మాట చాలు," అన్నాడు. వద్దు అనడానికి బేడి, బేడ అనేవి సంతలో వంకాయల దగ్గర వాడే మాటలు. నా చదువేం కావాలి? నీరు ఇంకే నేల, ఎండనాపే నీడ, గాలాడే కిటికీలు అంటూ నాలుగు పేజీలు నింపి, చివర్న ముత్యం పొదిగాను: 'మర కడియువ అవసర ఇల్ల.' చెట్లు నరికే అవసరం లేదని నా భావం. ఊళ్లో సగం మంది సంతకాలు పెట్టారు.

అభిప్రాయాలు వినడానికి పెట్టిన సభలో, కట్టడం పని చూసే ఇంజనీరు చివరి వాక్యం మాత్రం గట్టిగా చదివి, "సంతోషం. నరికేదానికి జనం ఒప్పుకున్నారు. తొందర మాత్రం లేదంటాండారు," అన్నాడు.

కన్నడంలో అవసర అంటే తొందర. బజారులో రోజుకు పదిసార్లు నేనే అనే మాట. కలం పట్టేసరికి సూదిలోంచి దారం జారినట్టు జారిపోయింది.

వెంకటలక్ష్మమ్మ నా చెవిలో, "ఏమ్మే, నిదానంగా నరకమని రాసిచ్చినావా?" అంది.

నేను లేచి, "తప్పు పడింది సార్, అది..." అన్నాను.

"రాసిందే దాఖలా అమ్మా," అని ఆయన ఫైలు మీద ఎర్ర సిరాతో 'అవసర ఇల్ల' అని రాశాడు.

అర్జెంటు అని రాసిన ఫైళ్లే కదలని ఆఫీసు అది. తొందర లేదని ప్రజలే సంతకాలు చేసిచ్చిన ఫైలును ఎవరు ముట్టుకుంటారు? అది బీరువా అడుగుకు చేరింది. కట్టడం మొదలుపెట్టే రోజు వచ్చినా, నరికే అనుమతి రాలేదు. ఇంజనీరు విసిగిపోయి, గోడను వంపు తిప్పి మాన్లను వదిలేశాడు. చుట్టూ కాంక్రీటు పోయకుండా మట్టి నేలే ఉంచాడు. కిటికీలన్నీ నీడవైపు వచ్చాయి. నా నాలుగు పేజీల్లో అడిగిందంతా, ఎవరూ చదవకుండానే జరిగింది. 'అవసర' అన్న మాట తెలిసే వాడానని ఇప్పుడు అందరితోనూ చెబుతున్నాను.

చక్కటి సలహా ఇచ్చి, నేను వినకపోయినా ఊరుకున్న నారాయణప్పకు, ఫైలును వేలితో కూడా కదపని గుమాస్తా మునిరాజుకు, నా మీద నమ్మకంతో మొదటి వేలిముద్ర వేసిన వెంకటలక్ష్మమ్మకు నా కృతజ్ఞతలు. ఇక జన్మలో 'అవసర' అని రాయనని ఆ మూడు మాన్ల సాక్షిగా ప్రమాణం చేయబోయాను.

వెంకటలక్ష్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఉండమ్మే. బస్టాండు కాడ వేపమాను కొట్టేస్తామని నోటీసు ఏసినారు. ఇంకొక్కసారి తప్పు రాసి, ఆమీట ఒట్టేసుకుందువులే."