పదకొండు బొమ్మల్లో చచ్చిన ఏమస్ పికెట్

లండన్‌లో ఒక జంతుశాల గేటు దగ్గర ఇరవై ఏళ్లు టిక్కెట్లు చించినవాణ్ని. మా సింహం కాపరి ఏమస్ పికెట్ పదకొండు బొమ్మల్లో చచ్చాడు. పదకొండూ దగ్గరుండి చూశాను.

అప్పట్లో చిత్రకారులందరికీ సింహాల పిచ్చి. ప్రతి మంగళవారం రంగులు మోసుకుని మా సింహం సుల్తాన్ బోను ముందు దిగేవారు. వాళ్లలో పెద్దాయన లాంబర్న్ గారు. సుల్తాన్ అప్పటికే ముసలిది. నాలుగు పళ్లు మిగిలాయి. ఏమస్ మాంసం కైమా కొట్టి పెడితే తినేది. బొమ్మలో మాత్రం ఎడారిలో మనుషుల్ని చీల్చేది. కింద పడి ఉండటానికి ఒక మనిషి కావాలి కదా! కూలికి వచ్చేవాళ్లెవరూ బోనులో అడుగు పెట్టరు. ఏమస్ పడుకునేవాడు. ఓసారి అరబ్బు వేటగాడు, ఓసారి రోమను ఖైదీ, ఓసారి మతబోధకుడు. ఏటా మే నెల చిత్రప్రదర్శనకు వాళ్లావిడ డోర్కస్ చెల్లెళ్లను వెంటేసుకుని వెళ్లి మొగుడి శవాన్ని చూసొచ్చేది.

"బానే చచ్చావు గానీ, ఆ గడ్డం నీకు నప్పలేదయ్యా," అనేది.

ఆ బొమ్మలే మా కొంప ముంచాయి. అవి చూసినవాళ్లు మా దగ్గరికొచ్చి, గొడుగులతో సుల్తాన్‌ని పొడిచి, అది ఆవలిస్తే నాతో తగాదా పడేవారు. "ఇదేం సింహమయ్యా? మా అత్తగారు నయం!"

యజమానురాలు మిసెస్ గ్రైస్ ఏమస్‌ని పిలిచింది. "శనివారం దాకా చూస్తాను పికెట్. అది గర్జించకపోతే, ఒంట్లో గడ్డి కూరి నిలబెట్టేవాళ్లకు ఇచ్చేస్తా. అప్పుడు నోరైనా తెరుచుకుని ఉంటుంది."

"అది గర్జించి ఆరేళ్లయిందమ్మగారూ."

"అయితే నువ్వే గర్జించు."

శనివారం ఏమస్ రోమను ఖైదీ చొక్కా తొడుక్కుని, జనం ముందే బోనులోకి వెళ్లి వెల్లకిలా పడుకున్నాడు. సుల్తాన్ అలవాటు ప్రకారం వచ్చి, అతని ఛాతీ మీద తల పెట్టి కళ్లు మూసుకుంది.

"అయ్యో, చంపేసింది!" అని ఒకావిడ కేక పెట్టింది. ఇద్దరు మూర్ఛపోయారు. సోమవారం గేటు దగ్గర తోపులాటలో నా చొక్కా చిరిగింది. గడ్డి సంగతి మిసెస్ గ్రైస్ మళ్లీ ఎత్తలేదు. అప్పట్నుంచి ఏమస్ రోజూ మూడింటికి చచ్చి, మూడుంబావుకు లేచి టీ తాగేవాడు. ఆ చావులు నేను లెక్కలో వేయలేదు.

రెండేళ్లు అలాగే గడిచాయి. ఫిబ్రవరిలో ఒకరోజు మూడుంబావు అయింది.

"లేరా సుల్తానూ, అయిపోయింది. టీ చల్లారిపోద్ది," అన్నాడు ఏమస్.

అది లేవలేదు. జనం చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు.

కబురు అంది లాంబర్న్ గారు పరుగున వచ్చారు. చచ్చిన సింహమంటే చిత్రకారులకు పండగే, కదలదు. "పాపం, మంచి జంతువు. వెలుతురు పోకముందే కాస్త పక్కన పడుకో పికెట్, ఎప్పట్లాగే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఏమస్ మాత్రం పడుకుని, తనే దాని తల ఎత్తి ఛాతీ మీద పెట్టుకున్నాడు.

అది పదకొండో బొమ్మ. ఆ ఏడాది డోర్కస్ గడ్డం గురించి ఏమీ అనలేదు. పత్రికలు సింహాన్ని తెగ మెచ్చుకున్నాయి, జీవం ఉట్టిపడుతోందట. ఒక్కటే తప్పు పట్టాయి: చచ్చిన మనిషి కంట్లో నీళ్లేమిటని.